నిప్పు గుట్టు మా పిల్లలకు చెప్పండి
దర్శకులు ఎస్.ఎస్. రాజమౌళి గారికి ఒక కెమిస్ట్రీ టీచరు బహిరంగ లేఖ

బెంగళూరు

గౌరవనీయులైన రాజమౌళి గారికి,

నేను బెంగళూరులో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే టీచర్ని. పుట్టి పెరిగింది హిందూపురం వైపు. పెళ్లయి ఈ ఊరొచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మా క్లాసులో సగంమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, మిగతావాళ్లు కన్నడం, తమిళం, ఉర్దూ. కొత్త సినిమా విడుదలైన సోమవారం మాత్రం అందరిదీ ఒకటే భాష. ఫైటు ఎట్లా తీశారు, పులి నిజమా కాదా, ఆ మంట నిజమా కాదా అని మొదటి పీరియడ్ నుంచి చివరి పీరియడ్ దాకా అదే చర్చ.

ఈ ఉత్తరం మీకే రాయడానికి కారణం ఉంది. మగధీర (2009), ఈగ (2012), బాహుబలి మొదటి భాగం (2015), రెండో భాగం (2017), ఆర్ఆర్ఆర్ (2022). మీ ఈ ఐదు సినిమాలకూ స్పెషల్ ఎఫెక్ట్స్‌కి జాతీయ పురస్కారాలు వచ్చాయి. వాటిని అందుకున్న కమల్‌కణ్ణన్ గారి పేరు, శ్రీనివాస్ మోహన్ గారి పేరు, మకుట సంస్థ పేరు మా పిల్లల్లో కొందరికి కంఠతా వచ్చు. ఆవర్తన పట్టికలో మొదటి ఇరవై మూలకాలు చెప్పమంటే తడబడే పిల్లలే వాళ్లు. పైగా మీరు పుట్టింది కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో. మా పిల్లల్లాగే మీరూ రెండు భాషల గాలి పీల్చినవారు. అందుకే చొరవ తీసుకుని అడుగుతున్నాను.

నా విన్నపం ముందే చెప్పేస్తాను. మీ సినిమాల్లోని నిప్పు, పొగ, మంచు, రక్తం, పేలుడు వెనక ఉన్న రసాయన శాస్త్రాన్ని మా పిల్లలకు చెప్పండి. ఐదేసి నిమిషాల చిన్న వీడియోలు, బడి పిల్లల కోసం, తెలుగులోనూ కన్నడంలోనూ. ఎందుకు అడుగుతున్నానో మా క్లాసులో జరిగిన సంగతులతోనే చెబుతాను.

ఒకరోజు ఆక్సిజన్ పాఠం. "ఆక్సిజన్ మండదు. వేరే వస్తువులు మండటానికి తోడ్పడుతుంది" అని బోర్డు మీద రాశాను. ఏటా రాసే వాక్యమే. వెనక బెంచీలోంచి ఒక కన్నడ పిల్లవాడు లేచి నిలబడ్డాడు. ఈగలో విలన్‌గా వేసిన సుదీప్ అంటే ప్రాణం వాడికి. "మిస్, మరి ఈగ క్లైమాక్స్‌లో ఆక్సిజన్ సిలిండరే కదా పేలింది? మండకపోతే ఎట్లా పేలింది?" అన్నాడు. క్లాసంతా నావైపు చూసింది. పుస్తకంలో మాట ఒకవైపు, సుదీప్ ఒకవైపు.

అంత మంచి ప్రశ్న ఆ పాఠం మీద అంతకుముందు నన్నెవరూ అడగలేదు. ఆరోజు పాఠం పక్కనపెట్టి ల్యాబుకు తీసుకెళ్లాను. పరీక్షనాళికలో కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, చిటికెడు మాంగనీస్ డయాక్సైడ్ వేశాను. బుసబుసమని బుడగలు లేచాయి. అగరబత్తి వెలిగించి, మంట ఊదేసి, కొనన మినుకుమంటున్న నిప్పును ఆ నాళికలోకి దించమని వాడి చేతికే ఇచ్చాను. దించీ దించగానే నిప్పు తెల్లగా మెరిసి, మళ్లీ మంట లేచింది. వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మళ్లీ ఊదాడు, మళ్లీ దించాడు, మళ్లీ మంట. నాలుగుసార్లు చేశాడు. అప్పుడు చెప్పాను: "చూడు, లోపలున్న వాయువు మండలేదు. అగరబత్తి మండింది. ఆక్సిజన్ దాన్ని రెచ్చగొట్టింది. సిలిండరులో ఈ వాయువును వాతావరణ పీడనానికి నూరు రెట్లకు పైగా కుక్కి పెడతారు. అది పగిలితే ఆ ఒత్తిడే ఒక పేలుడు. బయటపడ్డ ఆక్సిజన్‌లో దగ్గరున్న గుడ్డ, చెక్క, నూనె, ఏదైనా సరే ఈ అగరబత్తిలాగే భగ్గుమంటుంది." పరీక్షలో ఆ ప్రశ్నకు వాడు రాసిన జవాబులో ఈగ ఉంది, అగరబత్తి ఉంది, ఒక్క తప్పు కూడా లేదు.

అప్పటినుంచి సినిమాను క్లాసులోకి రానిస్తున్నాను. ఆర్ఆర్ఆర్‌లో వంతెన ఘట్టం మాకు వారం రోజుల పాఠమైంది. గూడ్సు రైలు అంటుకుని నదిలో కూలుతుంది, నీళ్ల మీద మంటలు పరుచుకుంటాయి, మధ్యలో ఒక పిల్లవాడు చిక్కుకుంటాడు. "నీళ్లు నిప్పును ఆర్పుతాయి కదా, మరి నీళ్ల మీదే మంట ఎట్లా నిలిచింది?" అని అడిగాను. గ్లాసులో నీళ్లు పోసి, పైన చెంచాడు వంటనూనె వేయమన్నాను. నూనె తేలింది. పెట్రోలు, కిరోసిన్ నీళ్లకన్నా తేలిక. ఒక లీటరు నీళ్లు కిలో తూగితే ఒక లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. నీళ్లలో కలవదు, పైన పొరలా పరుచుకుంటుంది. నిజానికి మండేది ఆ ద్రవం కూడా కాదు, దాని మీద నుంచి లేచే ఆవిరి. ఇది అర్థమయ్యాక వంటింట్లోకి వెళ్లాం: బాండీలో నూనె అంటుకుంటే నీళ్లు ఎందుకు చల్లకూడదు? నీళ్లు బరువు కాబట్టి నూనె అడుగుకు దిగి, అక్కడ ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను పైకి చిమ్ముతాయి. పొయ్యి కట్టేసి మూత పెట్టాలి, గాలి అందకుండా చెయ్యాలి. ఆ సాయంత్రం ముప్పైమంది పిల్లలు ఈ మాట ముప్పై ఇళ్లలో చెప్పారు. కెమిస్ట్రీ పాఠానికి అంతకన్నా సార్థకత ఏముంటుంది?

అదే ఘట్టంలో తడిసిన జెండా కప్పుకుని హీరోల్లో ఒకడైన భీమ్ మంటల్లోంచి బయటపడతాడు. అక్కడా లెక్క వేశాం. ఒక గ్రాము నీటిని 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడి చేయడానికి 80 కేలరీలు చాలు. ఆ మరుగుతున్న గ్రామును ఆవిరి చేయడానికి మాత్రం ఇంకో 540 కేలరీలు కావాలి. తడిగుడ్డ మనిషిని కాసేపైనా కాపాడేది ఈ లెక్కతోనే. గుడ్డలో నీళ్లు ఉన్నంతసేపూ వేడి ఆ నీటిని ఆవిరి చేసే పనిలోనే ఖర్చవుతుంది. గుప్తోష్ణం అనే మాటను నేను ఇన్నేళ్లూ బోర్డు మీద రాసి చెరిపేశాను. ఆరోజు ఒక అమ్మాయి తన చున్నీ కొసను తడిపి, దీపం సెగ దగ్గర పట్టి, "వేడి తెలియట్లేదు మిస్, ఆరేదాకా తెలియదు" అంది. నిర్వచనం అదే.

ఆ అమ్మాయి ఇల్లు బెళ్లందూరు వైపు. తరువాత తనే అడిగింది: "మిస్, మా చెరువు కూడా అట్లాగే తగలబడింది కదా?" ఈ ఊళ్లో ఉండేవాళ్లకు ఆ సంగతి వేరే చెప్పక్కరలేదు. బెళ్లందూరు చెరువు 2015లో అంటుకుంది. 2017 ఫిబ్రవరిలో మళ్లీ అంటుకుంది. 2018 జనవరిలో అంటుకున్నప్పుడు ఆర్పడానికి సైన్యం కూడా దిగాల్సివచ్చింది. గాలి వీస్తే చెరువు మీది నురుగు తెల్లటి ముద్దలుగా లేచి రోడ్డు మీదికి, కార్ల మీదికి వచ్చి పడేది. చిన్నపిల్లలు మంచు కురిసిందని ఎగిరేవారు. ఆ నురుగు మన ఇళ్లలో బట్టలుతికిన నీళ్లు, శుద్ధి చేయకుండా వదిలేసిన మురుగు. సబ్బు అణువులో ఒక కొస నీటిని పట్టుకుంటే రెండో కొస జిడ్డును పట్టుకుంటుంది. అలాంటి నీళ్లు గట్టు మీంచి దూకినప్పుడు గాలి చేరి నురగలు కక్కుతాయి. మురుగులోని ఫాస్ఫేట్లు తిని కలుపు మొక్కలు చెరువంతా అల్లుకుంటాయి. వానల్లేని రోజుల్లో వాటి ఎండిన పొదలకు ఎవరో చెత్త తగలబెట్టిన నిప్పురవ్వ చాలు.

సినిమాలో మండే నది, మా ఊళ్లో మండే చెరువు. మొదటిదాని గుట్టు విప్పితే పిల్లలు రెండోదాని గుట్టు వాళ్లంతట వాళ్లే అడిగారు. నాకు తట్టని ఆ వంతెనను మీ సినిమా వేసిపెట్టింది.

ఇక మా క్లాసులో అందరికీ ఇష్టమైన పాఠం సీసా పాఠం. హీరో తలమీద విలన్ సీసా పగలగొడతాడు, ముక్కలు ఎగురుతాయి, హీరోకు ఏమీ కాదు. పూర్వం అలాంటి సీసాలను పంచదారతో చేసేవారని చెబితే నమ్మలేదు. "చేద్దాం పదండి" అన్నాను. పంచదార, కొంచెం నీళ్లు, ఒక నిమ్మచెక్క, అడుగు మందంగా ఉన్న గిన్నె, వేడి కొలిచే థర్మామీటరు. పొయ్యి దగ్గర నేనే నిలబడ్డాను, పిల్లల్ని రెండడుగుల అవతల నిలబెట్టాను. మరిగే పాకం మరిగే నీళ్లకన్నా ప్రమాదం. చర్మానికి అంటుకుని వదలదు.

పాకం ముదిరే కొద్దీ నాకు మా అవ్వ గుర్తొచ్చింది. అరిసెలు చేసేరోజు అవ్వ పళ్లెంలో నీళ్లు పోసుకుని కూర్చునేది. గరిటతో ఒక చుక్క పాకం నీళ్లలో వేసి వేళ్లతో నలిపి చూసేది. కరిగిపోతే ఇంకా మరగాలి. మెత్తటి ఉండ అయితే అరిసెలకు సరి. పళ్లానికి కొట్టి చూసినప్పుడు టంగుమని మోగితే చిక్కీ పాకం. అవ్వకు థర్మామీటరు లేదు, అయినా ఆమె కొలిచింది ఉష్ణోగ్రతనే. పాకంలో నీళ్లు ఉన్నంతవరకూ వేడి ఎక్కువ పైకి పోదు. నీళ్లు ఆవిరవుతున్న కొద్దీ పాకం చిక్కబడి, మరిగే స్థానం 105, 115, 130 అని ఎక్కుతూ పోతుంది. 150 డిగ్రీలకు నీళ్లు దాదాపుగా ఉండవు. అప్పుడు నూనె రాసిన పళ్లెంలో పోసి త్వరగా చల్లారనిస్తే పంచదార అణువులకు వరుసలో కూర్చునే తీరిక దొరకదు. ఎక్కడివక్కడ గడ్డకడతాయి. అలా గడ్డకట్టిన పదార్థమే గాజు. కిటికీ గాజులోనూ పరమాణువులు అలాగే చెల్లాచెదురుగా ఉంటాయి.

"మరి నిమ్మచెక్క ఎందుకు మిస్?" అన్నారు. అవ్వ కూడా పాకంలో నిమ్మరసం పిండేది, పాకం పలుకు కట్టకుండా. నిమ్మలోని ఆమ్లం పంచదార అణువును గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు ముక్కలు చేస్తుంది. ప్రార్థన వేళ ఒకే క్లాసు పిల్లలైతే చప్పున వరుస కడతారు. వేరే క్లాసుల పిల్లలు మధ్యలో దూరితే వరుస చెదురుతుంది. పాకంలోనూ అంతే. నా బళ్లో ఉన్న ప్రతి తెలుగు పిల్లకూ ఇంట్లో ఇలాంటి ఒక అవ్వ ఉంది, ఆమె చేతిలో ఇంత కెమిస్ట్రీ ఉంది. దాన్ని పాఠంగా చూడటానికి మాకు ఒక సినిమా సీసా కావలసివచ్చింది.

పళ్లెంలో ఆరిన ఆ పంచదార పలక లేత పసుపు రంగులో, అవతలి వేళ్లు కనిపించేంత తేటగా వచ్చింది. ఒక పిల్లవాడు రెండు వేళ్లతో తట్టాడు. చిట్లి ముక్కలైంది. వాటిని తినేశారు. ఒక్క ముక్క మాత్రం దాచి కిటికీలో పెట్టాం. వానాకాలం గాలికి మరునాటికల్లా అది చెమర్చి, జిగురుగా మారింది. పంచదార గాలిలోని తేమను లాగుతుంది. షూటింగుల్లో ఇప్పుడు పంచదారకు బదులు రెసిన్ సీసాలు వాడటానికి ఇదీ ఒక కారణమని చెప్పినప్పుడు, పదార్థాన్ని ఎంచుకోవడం కూడా కెమిస్ట్రీయేనని వాళ్లకు తెలిసింది.

మన పౌరాణిక సినిమాల్లో ఇంద్రసభ నేల మీద పాకే తెల్లటి పొగ మరో పాఠం. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. మైనస్ 78 డిగ్రీల చలి. వేడినీళ్లలో వేస్తే ద్రవంగా మారకుండానే వాయువైపోతుంది. మనకు తెల్లగా కనిపించేది ఆ వాయువు కాదు, దాని చలికి గాలిలోని నీటి ఆవిరి చల్లబడి ఏర్పడిన సన్నటి నీటి తుంపర. చల్లటి కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువు కాబట్టి ఆ తుంపరను మోసుకుంటూ నేలబారుగా పాకుతుంది. డ్రై ఐస్‌ను నేను పిల్లల చేతికి ఇవ్వను. దానికి బదులు గాజుతొట్టిలో మూడు కొవ్వొత్తులు మెట్లుగా నిలబెట్టాం, ఒకటి పొట్టి, ఒకటి మధ్యస్థం, ఒకటి పొడుగు. తొట్టి అడుగున తినే సోడా చల్లి, గోడ వెంట వెనిగర్ పోశాం. కంటికి ఏమీ కనబడలేదు. కాసేపటికి పొట్టి కొవ్వొత్తి ఆరింది. తరువాత మధ్యది. చివరికి పొడుగుది. ఒక్కరూ మాట్లాడలేదు. అప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె నెమ్మదిగా అడిగింది: "అయితే మిస్, ఇంద్రసభలో కింద కూర్చున్నవాళ్లకు ఊపిరాడదా?"

ఆడదు. తలుపులు మూసిన ఫ్లోరులో డ్రై ఐస్ పొగ ఎక్కువైతే ముందు ఇబ్బంది పడేది కింద కూర్చున్నవాళ్లు, పొట్టివాళ్లు, పిల్లలు. సెట్ మీద పనిచేసేవారు గాలి ఆడేలా చూసుకునేది ఇందుకే. కార్బన్ డయాక్సైడ్ అణుభారం 44 అని, గాలి సగటు భారం 29 అని కంఠస్థం చేసిన పిల్ల ఆ ప్రశ్న వేయలేదు. కొవ్వొత్తులు ఆరడం చూసిన పిల్ల వేసింది.

రక్తం పాఠం దగ్గర నేను మా వైపు ఊళ్లో పుట్టిన పెద్దమనిషి ఒకరిని తలుచుకుంటాను. సినిమా రక్తం చాలావరకు గ్లూకోజు పాకం, రంగు. హిచ్‌కాక్ 1960లో సైకో నలుపు తెలుపులో తీసినప్పుడు చాక్లెట్ సిరప్ వాడారు, నలుపు తెలుపులో అది రక్తంలా చిక్కగా కనబడింది కాబట్టి. అయితే మన తెలుగు ఇళ్లలో ఇంకో ఎరుపు ఉంది. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లు. పెళ్లికొడుకు గుమ్మంలో కాలుపెట్టేముందు దిష్టి తీసేవి. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. లిట్మస్ కాగితం లేని బడిలో కూడా పసుపు ఉంటుంది, సున్నం ఉంటుంది, చింతపండు ఉంటుంది. ఆమ్లాలు, క్షారాల పాఠం మొత్తం ఈ మూడింటితో చెప్పేయొచ్చు. మళ్లీ చింతపండు రసం పోస్తే ఎరుపు పోయి పసుపు తిరిగొస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు.

ఇలాంటి రంగు మార్పు కిటుకుతోనే నిమ్మకాయ కోసి రక్తం కారించి, ఇంట్లో చేతబడి ఉందని భయపెట్టి డబ్బు గుంజేవాళ్లూ ఉన్నారు. కత్తికి ఒక రసాయనం, కాయకు మరొకటి ముందే పట్టించి ఉంచుతారు. ఇలాంటి మోసాలు విన్నప్పుడే నేను తలుచుకునే ఆ పెద్దమనిషి గుర్తొస్తారు. బెంగళూరు నేషనల్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా, ఆపైన బెంగళూరు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన డాక్టర్ హెచ్. నరసింహయ్య గారు గౌరిబిదనూరు దగ్గర హొసూరులో పుట్టారు. మా హిందూపురానికి దగ్గరే, సగం తెలుగు వినబడే సీమ. ఆయన భౌతికశాస్త్ర ఆచార్యులు, గాంధేయవాది, ఖద్దరు పంచె కట్టి టోపీ పెట్టుకునేవారు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం మొదలుపెట్టి, సామాన్యులు వచ్చి సైన్స్ వినే చోటు ఒకటి ఏర్పరిచారు. 1976లో యూనివర్సిటీ తరఫున అద్భుతాలను, మూఢనమ్మకాలను పరీక్షించే కమిటీ వేశారు. దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. ఏదైనా సరే ప్రశ్నించకుండా ఒప్పుకోవద్దని జీవితాంతం చెప్పారు. 2005లో వెళ్లిపోయారు.

రాజమౌళి గారూ, నా మనసులో ఉన్న అసలు మాట ఇక్కడుంది. మీరు చూపించేదీ మాయే, నిమ్మకాయ కోసేవాడు చూపించేదీ మాయే. రెండింటిలో రసాయనం ఒకటే కావచ్చు. తేడా ఒక్కచోటే. మీరు టికెట్టు ఇచ్చేటప్పుడే ఇది సినిమా అని చెప్పి మాయ చూపిస్తారు. అతను నిజమని చెప్పి చూపిస్తాడు. ఆ తేడా పోల్చుకునే కన్ను పిల్లలకు రావాలంటే ఎవరో ఒకరు మాయను విప్పి చూపాలి. నేను చూపిస్తే కెమిస్ట్రీ మిస్ పాఠం చెబుతోందంటారు. మీరు చూపిస్తే పదికాలాలు గుర్తుంచుకుంటారు.

మన సినిమా మొదటినుంచీ కెమిస్ట్రీ మీదే నడిచింది. 1957లో మాయాబజార్‌లో మార్కస్ బార్ట్లే గారు కాయించిన వెన్నెల, 1961లో సీతారామ కళ్యాణంలో రవికాంత్ నగాయిచ్ గారి ట్రిక్ ఫొటోగ్రఫీ, ఇవన్నీ ఫిల్ము మీద పూసిన సిల్వర్ బ్రోమైడ్ రేణువుల పుణ్యం. వెలుతురు తగిలిన రేణువులు డెవలపర్‌లో నల్లటి వెండిగా మారతాయి. తగలని రేణువులను హైపో కరిగించి కడిగేస్తుంది. మనం వెండితెర అంటాం కదా, ఆ నలుపు తెలుపు బొమ్మ నిజంగానే వెండి. పదో తరగతి మొదటి పాఠంలోనే, ఎండలో పెడితే సిల్వర్ క్లోరైడ్ బూడిదరంగుకు తిరుగుతుందని ఉంటుంది. పిల్లలు ఒక్క మార్కు కోసం దాన్ని బట్టీపడతారు. శశిరేఖ, అభిమన్యుడు పడవలో కూర్చున్న ఆ వెన్నెల మొత్తం అలాంటి చర్యేనని చెప్పినప్పుడు మా క్లాసులో కలిగిన నిశ్శబ్దం నాకింకా గుర్తుంది. ఆ వెండి కోసమే పాత ఫిల్ములను కరిగించి అమ్ముకున్నారనీ, మన తొలి సినిమాలు ఎన్నో అలా కూడా పోయాయనీ చెబితే ఒకడు నిజంగా బాధపడ్డాడు.

ఈ విన్నపానికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. ఇప్పుడంతా కంప్యూటర్ కదా, రసాయనం ఎక్కడిదని అడగవచ్చు. కంప్యూటర్‌లో మంట గీసేవాళ్లకు అసలు మంట ఎలా ఉంటుందో తెలియాలి. పెట్రోలు మంట నారింజరంగులో ఎందుకుంటుంది, చుట్టూ నల్లపొగ ఎందుకొస్తుంది? గాలి చాలక పూర్తిగా మండని కార్బన్ కణాలు వేడికి నారింజరంగులో వెలిగి, చల్లబడ్డాక మసి అవుతాయి. ఇంట్లో గ్యాసు పొయ్యి నీలంగా మండటం, బర్నర్ మూసుకుపోతే పసుపుగా మండి గిన్నె మసిబారడం ఇదే సంగతి. ఇది తెలియని మనిషి గీసిన మంట తెరమీద అబద్ధంలా కనబడుతుందని మీకే బాగా తెలుసు.

పిల్లలు చూసి ఇంట్లో చేస్తారేమోనన్న భయమూ ఉంటుంది. ఆ భయం నాకూ ఉంది. అయితే పిల్లలు ఇప్పటికే ఫోనులో చూస్తున్నారు. ఎందుకు ప్రమాదమో చెప్పేవారు లేకుండా చూస్తున్నారు. ప్రమాదం కూడా పాఠంలో భాగమే. 1939లో వచ్చిన ది విజార్డ్ ఆఫ్ ఓజ్‌లో గసగసాల తోటలో కురిసిన మంచు ఆస్బెస్టాస్. ఊపిరితిత్తులకు ఎంత చేటో అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు సినిమా మంచుకు వాడే పదార్థాల్లో ఒకటి పసిపిల్లల డైపర్లలో నీళ్లు పీల్చే పొడి లాంటిదే. పొడి మీద నీళ్లు పోస్తే ఉబ్బి తెల్లటి మంచవుతుంది, ఉప్పు చల్లితే నీళ్లు వదిలేస్తుంది. ఆస్బెస్టాస్ నుంచి డైపరు పొడి దాకా వచ్చిన దారి పిల్లలకు చెబితే, జాగ్రత్త ఎందుకో ఎవరూ వేరే చెప్పక్కరలేదు.

నేను ఒకప్పుడు పనిచేసిన బడిలో పరీక్షనాళిక ఒకటి పగిలి ఒక పిల్లవాడి వేలు తెగింది. చిన్న గాయం. మరునాడు ల్యాబుకు తాళం పడింది. రెండేళ్లు తెరవలేదు. ఆ రెండేళ్లూ ప్రయోగాలను బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పాను. ఐఐఎస్సీ 1909 నుంచి ఉన్న ఊరు ఇది. కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ఉన్న ఊరు. ఇక్కడే పిల్లలు ఒక ద్రావణం రంగు మారడం కళ్లతో చూడకుండా పదో తరగతి దాటిపోతున్నారు. ఆ బాధ నాలో పోలేదు.

కాబట్టి నా విన్నపం మూడు ముక్కల్లో. ఒకటి, మీ సినిమాల నుంచి పది ఘట్టాలు ఎంచి, ఒక్కొక్కదానికి ఐదు నిమిషాల వీడియో చేయించండి. అందులో ఏది నిజం మంట, ఏది కంప్యూటర్ మంట, ఏ పదార్థం వాడారు, ఎందుకు వాడారు, ఎలాంటి జాగ్రత్త తీసుకున్నారు అన్నది పనిచేసినవాళ్లే చెప్పాలి. రెండు, బడిలో పాఠం కోసం ఆ ఘట్టాలను చూపించుకోవడానికి టీచర్లకు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వండి. మూడు, కంప్యూటర్ రాకముందు పొగ వేసినవాళ్లు, రంగు కలిపినవాళ్లు, సీసాలు పోసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల పేర్లు టైటిల్స్‌లో పడి ఉండకపోవచ్చు. వాళ్ల చేతిలోని కెమిస్ట్రీని వాళ్లున్నప్పుడే రికార్డు చేయించండి. వీడియోలు తయారైతే పల్లెలకు చేర్చేవాళ్లకు కొరత లేదు. బెంగళూరు కేంద్రంగా పనిచేసే అగస్త్య ఫౌండేషన్ మన కుప్పం దగ్గర క్యాంపస్ పెట్టి, ప్రయోగాల సామాను వ్యానుల్లో వేసుకుని ఊరూరి ప్రభుత్వ బడులకు వెళుతోంది. అలాంటి వ్యానులో మీ మంట పాఠం ఒకటి చేరితే చాలు.

గుట్టు చెబితే వింత తగ్గిపోతుందని అనుకోకండి. అగరబత్తి నాలుగుసార్లు వెలిగించిన ఆ పిల్లవాడు ఈగను మళ్లీ చూశాడట. ఈసారి సిలిండర్ పేలే దగ్గర ఆపి, ఇంట్లో వాళ్లందరికీ పాఠం చెప్పాడని వాళ్లమ్మ వచ్చి చెప్పింది. సినిమా పూర్తికావడానికి మూడున్నర గంటలు పట్టిందట.

ఇప్పుడు నేను పనిచేసే బళ్లో ల్యాబు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. శనివారం చివరి పీరియడ్ మాకు ప్రయోగాల పీరియడ్. మీరుగానీ, మీ ఎఫెక్ట్స్ బృందంలో ఎవరైనాగానీ ఈ ఊరు వచ్చినప్పుడు ఒక్క శనివారం మా పిల్లల మధ్య నిలబడి ఒక మంట గురించి చెప్పండి. కొవ్వొత్తులు, తినే సోడా, వెనిగర్, పసుపు, సున్నం మేమే సిద్ధంగా పెడతాం. బెళ్లందూరు అమ్మాయి మాత్రం తన ప్రశ్న తను అడుగుతుంది. దానికి మనం ఇద్దరం కలిసి జవాబు చెబుదాం.


బెంగళూరు నుంచి
ఒక కెమిస్ట్రీ టీచరు